ఆరు పోగుల ఫ్యూజు

ఆగస్టు 18, సోమవారం

కాలేజీలో మొదటి రోజు అయిపోయింది. ఇండక్షన్ ప్రోగ్రాం అట, మూడు వారాలు. క్లాసులు ఉండవు, యాక్టివిటీలే ఉంటాయి. గేటు దగ్గర ఒక గులాబీ, ఒక పెన్ను, ఒక లాగ్‌బుక్ ఇచ్చారు. గులాబీ బస్సులో నలిగిపోయింది. పెన్ను రాయడం లేదు. లాగ్‌బుక్‌లో ఏ రోజు వర్క్‌షాప్ గురించి ఆ రోజే రిఫ్లెక్షన్ రాయాలి. ఇంగ్లిష్‌లో. ఐదు మార్కులు.

ఇవాళ అందులో రాసింది ఇదీ: టుడే ఐ ఫెల్ట్ వెరీ హ్యాపీ. అబద్ధం. అందుకే ఇంటర్ ఫిజిక్స్ నోట్సులో మిగిలిపోయిన పేజీల్లో నిజం రాస్తున్నాను. దీన్ని ఎవరూ అడగరు. మార్కులు లేవు.

నిజం ఏమిటంటే నాకు సీఎస్ఈ రాలేదు. సూర్యాపేటలో రెండేళ్ళు హాస్టల్‌లో పడి చదివితే కౌన్సెలింగ్‌లో ట్రిపుల్ ఈ వచ్చింది. మా నడిగూడెంలో ట్రిపుల్ ఈ అంటే ఎవరికీ తెలియదు. కరెంటు బ్రాంచి అంటే తెలుస్తుంది. తెలిసిన వెంటనే నవ్వుతారు. లింగయ్య మామ అయితే, నా కోడలు లైన్‌మన్ అయితది, ఇగ నాకు రెస్టే అన్నాడు.

మామ అమ్మకు తమ్ముడు. ఆయన కూడా లైన్‌మన్ కాదు. కానీ మా వైపు పొలాల్లో ఫ్యూజు పోయినా, స్టార్టర్ మొరాయించినా అందరూ ఆయన్నే పిలుస్తారు. అసలు లైన్‌మన్‌కి నాలుగు ఊళ్ళు. ఆయన వచ్చేదాకా ఆగితే మడి ఎండుతుంది.

ఆగస్టు 20, బుధవారం

జామ్ సెషన్. జస్ట్ ఎ మినిట్. స్టేజీ ఎక్కి ఒక నిమిషం ఇంగ్లిష్‌లో మాట్లాడాలి. నా చీటీలో మై హాబీ వచ్చింది. మై హాబీ ఈజ్, అని ఆగిపోయాను. మిగిలిన యాభై సెకన్లు పైకి చూశాను. స్టేజీ మీది ఫ్యాన్‌కి కెపాసిటర్ పోయింది, ఈసురోమని తిరుగుతోంది. ఆ సంగతి చెప్పొచ్చు. ఇంగ్లిష్‌లో రాదు.

విజయలక్ష్మి మేడం మా మెంటర్, ఇంగ్లిష్ చెబుతారు. ఫర్వాలేదు, గివ్ హర్ ఎ బిగ్ హ్యాండ్ అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నవ్వినా బాగుండేది.

నా తర్వాత నిఖిత అనే అమ్మాయి ఎక్కింది. మిర్యాలగూడ, వాళ్ళకు సొంత రైస్ మిల్లు ఉంది, ఇక్కడ హాస్టల్‌లో ఉంటుంది. తన కుక్క గురించి నిమిషం దాటినా ఆపకుండా మాట్లాడింది. కిందికి వచ్చి నా పక్కన కూర్చుని, ఆ కుక్క మాది కాదే, పక్కింటోళ్ళది, మమ్మల్ని చూస్తే కరవొస్తది అని చెవిలో చెప్పింది. ఈ కాలేజీలో మొదటిసారి నవ్వాను.

ఆగస్టు 22, శుక్రవారం

యోగా. నూట ఎనభై మంది శవాసనం వేశాం. సగం మంది నిజంగానే నిద్రపోయారు. నేనూ.

ఆగస్టు 23, శనివారం

హైదరాబాద్ నుంచి మోటివేషనల్ స్పీకర్ వచ్చాడు. హ్యూమన్ వాల్యూస్ వర్క్‌షాప్. లైట్లు ఆర్పించి, కళ్ళు మూసుకోమని, మీ నాన్న చెమట గుర్తు తెచ్చుకోండి, మీ అమ్మ చేతులు గుర్తు తెచ్చుకోండి అన్నాడు. వెనక వయొలిన్ మ్యూజిక్. వరసగా అందరూ ఏడవడం మొదలుపెట్టారు. నిఖిత ముక్కు చీదింది. నాకు ఏడుపు రాలేదు. నాన్న చెమట నేను రోజూ చూస్తూనే ఉంటాను, దానికి లైట్లు ఆర్పడం ఎందుకు?

తర్వాత అందరూ ఇప్పుడే ఇంటికి ఫోన్ చేసి ఐ లవ్ యూ చెప్పాలన్నాడు. నూట ఎనభై ఫోన్లు ఒకేసారి. నేనూ నాన్నకు చేశాను. బోరు దగ్గర ఉన్నాడు. చాలా చిన్నగా, ఐ లవ్ యూ నాన్నా అన్నాను. మోటారు నడుస్తున్నది బిడ్డా, ఏం ఇనపడ్తలేదు, జర గట్టిగ చెప్పు అన్నాడు. పక్కన అబ్బాయిలు ఉన్నారు. గట్టిగా ఎలా చెబుతాను. ఏం లేదు, ఊకెనే చేసిన అన్నాను. బస్సు మిస్సయినవా అని అడిగాడు. లేదన్నాను. మరి ఊకెనే ఎందుకు చేస్తవ్, ఏమైంది చెప్పు అని కంగారు పడ్డాడు. ఐదు నిమిషాలు పట్టింది ఏమీ కాలేదని నమ్మించడానికి.

లాగ్‌బుక్‌లో: టుడే ఐ ఎక్స్‌ప్రెస్డ్ మై లవ్ టు మై ఫాదర్.

ఆగస్టు 24, ఆదివారం

పొద్దున్నే నాన్న వెంట పొలం వెళ్ళాను. రెండెకరాలు. సాగర్ కాలువ నీళ్ళు మా చివరి మడులదాకా రావు, బోరే దిక్కు. ఈ వారంలో ఫ్యూజు రెండుసార్లు పోయిందట. ఇంటి నుంచి పొలం రెండు కిలోమీటర్లు. ప్రతిసారీ ఎవరో వచ్చి మోటారు ఆగిందని చెప్పడం, నాన్న పరిగెత్తడం.

జర గట్టిగ కట్టు బిడ్డా, నీ చేతితోటి కడితే ఆగుతది అన్నాడు. మా ఇంట్లో ఆ పని నాదే. ఎనిమిదో తరగతిలో మామ నేర్పాడు. పాత కేబుల్ ముక్క ఒలిచి, రాగి పోగులు విడదీసి, మెలేసి, పింగాణీ ఫ్యూజులో బిగించాలి. ఇదివరకు రెండు పోగులు ఉండేవి. ఈసారి ఆరు పోగులు మెలేసి మూడు ఫ్యూజులకీ కట్టాను. మామ వచ్చి చూసి, ఇగ కోతలదాకా కదలదు, గిది నా కోడలి చెయ్యి అన్నాడు. గర్వంగానే అనిపించింది. ఈ వారం మొత్తంలో నన్ను ఎవరైనా మెచ్చుకున్నది అప్పుడే.

అమ్మ సద్ది తెచ్చింది. బోరు కాలువ పక్కన బండ మీద కూర్చుని తిన్నాం. కాలువలో రెండు కప్పలు చచ్చి తేలుతున్నాయి. పక్క చేన్ల మందు కొట్టిండ్రు, గా నీళ్ళు ఇటు దిగినయ్ అన్నాడు నాన్న. తిన్నాక పాదాలు నలుపుకుంటూ కూర్చున్నాడు. వారం నుంచి తిమ్మిరట, చీమలు పాకినట్టు ఉంటుందట. అమ్మ, షుగర్ ఉన్నదేమో కోదాడ దవాఖానల సూపించుకో అంటే వినడం లేదు. నాట్లేసేటోని కాళ్ళకు షుగరేందే అని ఆమెనే వెక్కిరించాడు.

ఆగస్టు 27, బుధవారం

వినాయక చవితి. సెలవు. వాన. నాన్న కాళ్ళకు అమ్మ నువ్వుల నూనె రాసింది. ఫ్యూజు పోలేదు.

సెప్టెంబర్ 2, మంగళవారం

మూడో వారం అంతా హ్యాండ్స్ ఆన్ వర్క్‌షాప్. కార్పెంటరీ, ఫిట్టింగ్, హౌస్ వైరింగ్. మా బ్యాచ్‌కి మొదట హౌస్ వైరింగ్ పడింది. దేవసహాయం సార్ అని ఇన్‌స్ట్రక్టర్. జగ్గయ్యపేట ఆయన, రోజూ బండి మీద వస్తారట. ఖాకీ చొక్కా, జేబులో టెస్టర్. ఇంగ్లిష్ రాదో, వచ్చినా మాట్లాడరో, మొత్తానికి తెలుగులోనే చెబుతారు. ఆడిటోరియంలో లేని గాలి ఈ షెడ్డులో ఆడింది నాకు.

నిఖిత స్క్రూ డ్రైవర్ తిరగేసి పట్టుకుంది. నేను పది నిమిషాల్లో చెక్క బోర్డు మీద స్విచ్, హోల్డర్, ప్లగ్ బిగించేశాను. సార్ వెనక నిలబడి, ఇదేంటమ్మా, నువ్వు ముందే నేర్చుకుని వచ్చావే అన్నారు. మా పొలంలో స్టార్టర్ నేనే చూస్తాను సార్ అన్నాను. తలూపారు. నిఖిత అందరికీ వినపడేలా, సార్, ఇది మా బ్యాచ్ లైన్‌మన్ అంది. మామ అన్నప్పుడు కోపం వచ్చింది, నిఖిత అన్నప్పుడు రాలేదు. ఎందుకో.

సెప్టెంబర్ 4, గురువారం

జరిగింది వరసగా రాస్తాను.

ఇవాళ టెస్ట్. ఒక్కొక్కరి బోర్డునీ సార్ తన టేబుల్‌కి కలిపి, పొడుగాటి రబ్బరు పట్టకారుతో ప్లగ్‌లో కావాలని షార్ట్ చేస్తారు. ఫ్యూజు పోతే పాస్. అంతే టెస్ట్. నిఖిత బోర్డు టప్పుమంది, చప్పట్లు. ప్రవీణ్ అనే అబ్బాయిది టప్పుమంది, చప్పట్లు.

నాది పోలేదు.

సార్ నిన్న అందరికీ ఫ్యూజు తీగ ఇచ్చారు. వెంట్రుకంత సన్నంగా ఉంది. ఇది ఏం ఆగుతుందిలే అనుకున్నాను. చెత్త డబ్బాలో ఉన్న వైరు ముక్క ఒలిచి నాలుగు రాగి పోగులు మెలేసి కట్టాను. అందరికంటే నాదే గట్టిగా ఉండాలని. షార్ట్ చేయగానే ఫ్యూజు చెక్కుచెదరలేదు. దాని బదులు బోర్డు మీది ఎర్ర వైరు ఉబ్బింది. కాలిన వాసన. పొగ. అప్పుడు సార్ టేబుల్ కింది బ్రేకర్ టక్కున పడింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సార్ తిడతారనుకున్నాను. ఫ్యూజు ఊడదీసి, పోగులు లెక్కపెట్టి, ఇంట్లో కూడా ఇట్టాగే కడతారా అమ్మా అని మెల్లగా అడిగారు. పొలంలో అయితే ఆరు సార్, అన్నాను. అందరి వైపు తిరిగి, ఇట్టా కట్టేవాళ్ళు మీలో ఎంతమంది, నిజం చెప్పండి, మార్కులు తియ్యను అన్నారు. ముప్పై మందిలో ఇరవై చేతులు లేచాయి. మునగాల, పాలకీడు, మా ఊరు, అన్నీ ఉన్నాయి. అందరం అదేదో తెలివైన పని అనుకుంటూ పెరిగినవాళ్ళమే.

సార్ అప్పుడన్న మాట ఇంకా చెవిలో ఉంది. మొత్తం లైన్లో అందరికంటే ముందు పోవాల్సింది అదొక్కటేనమ్మా, దాన్ని పోనివ్వకపోతే ఇంకేదో పోద్ది అన్నారు.

ఇంకేదో. ఆ వైరు ఉబ్బడం చూస్తుంటే నాకు మా స్టార్టర్ డబ్బా కనిపించింది. ఆ ఆరు పోగులు నేను మెలేసినవే. నాన్న రోజూ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, మడులకు నీళ్ళు మళ్ళిస్తూ మడవలు తిప్పుతాడు.

షెడ్డు బయటికి వచ్చి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. పదకొండు సార్లు చేశాను. అమ్మకు చేస్తే, పొలం పోయిండు, ఫోను ఇంట్లనే చార్జింగ్ పెట్టిండు, నేను కలుపుకు వచ్చిన అంది. బస్సు కోదాడ దాటే వరకూ, మా ఊరి స్టేజీ వచ్చే వరకూ నేను ఏం ఆలోచించానో ఇక్కడ రాయను. ఇంటికి వచ్చేసరికి గడపలో కూర్చుని టీ తాగుతున్నాడు. ఏంది గట్ల ఉరికొచ్చినవ్ అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. లైట్లు ఆర్పకుండానే.

సెప్టెంబర్ 5, శుక్రవారం

సెలవు. సార్ దగ్గర అడిగి తెచ్చుకున్న సరైన ఫ్యూజు తీగ చుట్ట నాన్నకు చూపించాను. అంతా చెప్పాను. విన్నాడు. నవ్వాడు. ఇంత సన్నపుది పెడితే రోజుకు రెండుసార్లు పోతది, నేను గాడనే మంచమేసుకొని పండాలె అన్నాడు. మూడిట్ల ఒక్కటి పోతే మోటారు రెండు ఫేజుల మీద మొత్తుకొని కాలుతది, అప్పుడు మీ సారు కట్టిస్తడా అని అడిగాడు. వరి పొట్టకు వస్తోంది. రెండు రోజులు నీళ్ళు ఆగితే పంట తాలు పోతుంది. అది ఆయన భయం. నా భయం వేరు. ఇద్దరివీ భయాలే.

మామకు మాత్రం కోపం వచ్చింది. ఇరవై ఏండ్ల సంది కట్టిన చేతులివి, పదిహేను దినాల కాలేజీ నాకు తప్పు సెప్తదా అని లేచి వెళ్ళిపోయాడు. మామ నన్ను ఎప్పుడూ అలా చూడలేదు. ఆయన నేర్పిన పనే కదా, ఆయన్ని తప్పు అన్నట్టే అయింది.

సెప్టెంబర్ 7, ఆదివారం

నాన్న అన్నానికి ఇంటికి వెళ్ళినప్పుడు మెయిన్ దించి మూడు ఫ్యూజులూ ఊడదీశాను. ఆరు పోగులు తీసి పారేసి సార్ ఇచ్చిన తీగ కట్టాను. ఎవరికీ చెప్పలేదు. ఇది తప్పే. తెలిసే చేశాను.

సెప్టెంబర్ 8, సోమవారం

పోయింది.

సెప్టెంబర్ 9, మంగళవారం

రెండుసార్లు పోయింది. నాన్న మధ్యాహ్నం అన్నం తినకుండా పొలం పరిగెత్తాడని అమ్మ చెప్పింది. పై మడి నెర్రెలు విచ్చిందట.

సెప్టెంబర్ 10, బుధవారం

నాన్న కనిపెట్టాడు. సాయంత్రం నేను బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి సన్నటి తీగ ముక్క అరచేతిలో పట్టుకుని కూర్చున్నాడు. గిది నీ పనేనా అన్నాడు. అవునన్నాను. ముక్కను కిటికీలో పెట్టి లేచాడు. తిట్టి ఉంటే బాగుండేది. అమ్మ మాత్రం కంచం పెడుతూ, సదువు మంచిదే గని బిడ్డా, పంట గూడ మంచిగుండాలె గద అంది.

మామను పిలిపించి మళ్ళీ కట్టించాడట. ఈసారి ఎనిమిది పోగులు.

నాన్న పాదాలు ఇవాళ వేడి నీళ్ళలో పెట్టుకున్నాడు. తిమ్మిరి మోకాలిదాకా వస్తోందట. నేను నూనె రాస్తానంటే కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

సెప్టెంబర్ 12, శుక్రవారం

వానల వల్ల వాయిదా పడిన లోకల్ విజిట్ ఇవాళ. మిర్యాలగూడలో నిఖిత వాళ్ళ రైస్ మిల్లు. రెండు బస్సులు. నిఖిత సిగ్గుతో చచ్చిపోయింది, వాళ్ళ నాన్న అందరికీ సమోసాలు పెట్టించాడు. ఊక దుమ్ములో తింటే అవి కరకరలాడాయి.

పాలిషర్ దగ్గర నిలబడి ఉంటే మిల్లు మొత్తం ఒక్కసారిగా ఆగిపోయింది. ప్యానెల్ ట్రిప్ అయింది. బయట లారీలు, లోపల హమాలీలు, అందరూ ఆగారు. వాళ్ళ నాన్న కేకలేస్తాడనుకున్నాను. ఎలక్ట్రీషియన్ గోపాల్ అనే ఆయన వచ్చాడు. ప్యానెల్ ముట్టనే లేదు. చేతిలో చిన్న టార్చి పట్టుకుని వడ్లు పైకెక్కించే ఎలివేటర్ మోటారు దగ్గరికి పోయి, వంగి, కేబుల్ వెంట నడుచుకుంటూ వెళ్ళాడు. అరగంట పట్టింది. ఒకచోట ఎలుక కొరికిన వైరు దొరికింది. దాన్ని సరిచేసి, వచ్చి, అప్పుడు స్విచ్ ఎత్తాడు. అరగంట సేపు అంత పెద్ద మిల్లు ఆగింది, ఎవరూ తొందరపెట్టలేదు.

మేము ఎప్పుడూ ఏ తీగ కట్టాలనే మాట్లాడుకున్నాం. నాన్న, మామ, నేను, ముగ్గురమూ. ఎందుకు పోతోందని ఒక్కరం కూడా అడగలేదు. సన్నపు తీగ కట్టి నేనేదో పెద్ద పని చేశాననుకున్నాను. నేనూ సగమే చేశాను.

తిరిగి కాలేజీకి వచ్చాక బస్సు కదలడానికి పది నిమిషాలు ఉంటే వర్క్‌షాప్ షెడ్డుకి పరిగెత్తాను. దేవసహాయం సార్ తాళం వేస్తున్నారు. అంతా చెప్పాను. మోటారు కాలకుండా రిలే ఉంటదిగా అన్నారు. రెండేళ్ళ కిందే మామ దాన్ని తప్పించి లైను డైరెక్ట్ చేశాడు సార్ అన్నాను. నుదురు కొట్టుకున్నారు. తర్వాత ఒకే ప్రశ్న అడిగారు. మోటారు ఏసాక ఎంతసేపటికి ఫ్యూజు పోతంది?

ఆలోచించాను. నాన్న ఎప్పుడూ చెప్పేది ఒకటే. మంచిగనే నడుస్తది, కాలువ నిండంగనే పోతది.

సార్ ముఖం మారింది. నీళ్ళు ఎక్కడో వైరుని తాకుతున్నాయమ్మా, రేపే చూడండి, నీళ్ళలో ఎవర్నీ దిగనీకు అన్నారు. ఊరికే ఆపితే చాలదట. మెయిన్ దించి, మూడు ఫ్యూజులూ ఊడబీకి, నీ జేబులో పెట్టుకుని అప్పుడు కేబుల్ ముట్టుకో అన్నారు. జేబులో ఉంటే వెనక నుంచి ఎవడూ వచ్చి వెయ్యలేడు అన్నారు. ఫ్యూజు ప్రతిసారీ మనిషిని కాపాడదమ్మా, అది కూడా తెలుసుకో, కానీ ఎక్కడో తప్పుందని చెప్తది, మనం వినాలి అని కూడా అన్నారు.

ఇంటికి రాగానే చెప్పాను. నాన్న వినలేదు. పొద్దున సూద్దాంలే అన్నాడు. తెల్లారితే వెళ్ళాలి. ఆయన కంటే ముందు లేవాలి.

సెప్టెంబర్ 13, రెండో శనివారం

లేవలేదు. నేను లేచేసరికి ఆరు దాటింది, నాన్న వెళ్ళిపోయాడు. చెప్పులు కూడా లేకుండా పరిగెత్తాను.

దూరం నుంచే మోటారు చప్పుడు వినిపించింది. నాన్న కాలువలో నిలబడి పారతో మడవ కడుతున్నాడు. బయటికి రా నాన్నా అని అరిచాను. ఏంది, ఇనపడ్తలేదు అన్నాడు. నేను స్టార్టర్ దగ్గరికి వెళ్ళి మోటారు ఆపి, మెయిన్ దించి, మూడు ఫ్యూజులూ పీకి డ్రెస్ జేబులో వేసుకున్నాను. చప్పుడు ఆగింది. అప్పుడు వినపడింది ఆయనకు. నా మీద ఎప్పుడూ అరవని మనిషి అరిచాడు. పంట పాడు చేయనీకే కంకణం కట్టుకున్నవా, గవి ఇటు తే అని చెయ్యి చాపాడు. ఇవ్వను అన్నాను. కేబుల్ మొత్తం చూసినంక ఇస్త, అప్పటిదాక కొట్టినా ఇయ్యను అన్నాను. జేబు రెండు చేతులతో పట్టుకున్నాను.

కేకలు విని మామ వచ్చాడు. కాసేపు నన్ను, నాన్నను మార్చి మార్చి చూశాడు. మిల్లులో చూసింది చెప్పాను, కాలువ నిండాకే ఎందుకు పోతుందో ఒక్కసారి ఆలోచించు మామా అన్నాను. ఆయనకు కోపం పోలేదు, కానీ పనిమంతుడు. కాలువ నిండంగనే, అని తనలో తాను అనుకున్నాడు. స్టార్టర్ నుంచి కేబుల్ పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. నేను వెనక.

ఎంతో దూరం లేదు. బండ దగ్గర కేబుల్ కాలువను దాటుతుంది. దాన్ని మట్టిలో పూడ్చారు. మామ చేత్తో బురద తవ్వాడు. లోపలి మట్టి నల్లగా, కుండ పెంకులా గట్టిగా ఉంది. కాలింది. దాని కింద కేబుల్ పై తోలు లేదు. జూన్‌లో నాట్లకు దమ్ము చేసినప్పుడు ట్రాక్టర్ చక్రం తొక్కి, తర్వాత నీళ్ళలో నాని ఊడి ఉంటుంది. రెండు చోట్ల రాగి మెరుస్తోంది.

రోజూ పొద్దున మోటారు వేసి నాన్న కాళ్ళు కడుక్కునేది అక్కడే. మడవ కట్టేది దాని పక్కనే. కప్పలు చచ్చింది అక్కడే.

నాన్న వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత బండ మీద కూర్చుని తన పాదాలు తనే చూసుకున్నాడు. చీమలు గావు గదా అవి, అన్నాడు. అంతే అన్నాడు.

షుగర్ కాదు. వారాల తరబడి ఆయన కాళ్ళలోకి కరెంటు ఎక్కుతోంది. రెండు పోగులు ఉన్నప్పుడు ఫ్యూజు పోయి చెప్పింది. నేను ఆరు కట్టి దాని నోరు నొక్కేశాను. ఈ ఒక్క మాట రాయడానికే ఇవాళ నోట్సు తెరిచాను.

మామ తువ్వాలతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. బురద ఎప్పుడో పోయింది, ఇంకా తుడుచుకుంటున్నాడు. గీ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇంక పదకొండు స్టార్టర్లున్నయ్ కోడలా, అన్నీ నేను కట్టినయే అన్నాడు. నేను ఆయన పక్కన కూర్చున్నాను. తప్పు ఆయనదని నేను అనలేదు. నా చేతులకూ అదే బురద ఉంది.

మధ్యాహ్నానికి మామ కొత్త కేబుల్ ముక్క తెచ్చి, ప్లాస్టిక్ పైపులో దూర్చి, కాలువ మీదుగా గుంజలకు కట్టాడు. రిలే మళ్ళీ పెట్టాడు. సన్నపు తీగ నన్నే కట్టమన్నాడు. జేబులోంచి ఫ్యూజులు తీసి నాన్న చేతికి ఇచ్చాను. వెయ్యి నాన్నా, అన్నాను. ఒక్కొక్కటే చూసి చూసి వేశాడు. కాలువ నిండింది. గంట, రెండు గంటలు. పోలేదు.

సెప్టెంబర్ 15, సోమవారం

ఇంజినీర్స్ డే. ఇండక్షన్ లాగ్‌బుక్స్ సబ్మిట్ చేయాలి. ఆఖరి పేజీలో మూడు లైన్లు రాశాను. ఫ్యూజ్ ఈజ్ నాట్ ది ప్రాబ్లం. ఫ్యూజ్ ఈజ్ టెల్లింగ్ ది ప్రాబ్లం. వెన్ ఇట్ గోస్, ఆస్క్ వై.

విజయలక్ష్మి మేడం ఐదుకి మూడు వేశారు. బాగుంది, కానీ వ్యక్తిగతంగా నీకు ఏమనిపించిందో ఇంకొంచెం ఫీల్‌తో రాయాలి అన్నారు. అలాగే మేడం అన్నాను. ఆమె మీద కోపం లేదు. ఆమెకు ఎలా తెలుస్తుంది?

వర్క్‌షాప్ షెడ్డుకి వెళ్ళి దేవసహాయం సార్‌కి చెప్పాను. కాలిపోయిన కేబుల్ ముక్క కూడా చూపించాను. చేతిలో పట్టుకుని, నాన్న బాగున్నాడా అని మూడుసార్లు అడిగారు. ఆ ముక్కను ఒక చెక్క మీద మేకులు కొట్టి షెడ్డులో గోడకు తగిలించారు. కింద చాక్‌పీసుతో నడిగూడెం అని రాశారు. కాలేజీలో మా ఊరి పేరు ఉన్నది అక్కడొక్కచోటే.

సెప్టెంబర్ 21, ఆదివారం

ఎంగిలిపూల బతుకమ్మ. అమ్మ తంగేడు పూలు తెమ్మంటే, నేను, మామ పొద్దుటి నుంచి స్టార్టర్లు తిరిగాం. పదకొండులో ఏడు అయ్యాయి. రెండు చోట్ల కేబుల్ తోలు లేచిపోయింది. ఒకాయన, నీ కోడలు సదివితే మాకేంది, మా మోటారు జోలికి రావొద్దు అని పంపేశాడు. సత్యవతి పెద్దమ్మ మాత్రం చాయ్ ఇచ్చి, తన స్టార్టర్ డబ్బా తనే విప్పి చూపించింది. ఎక్కడికి వెళ్ళినా మామ ఫ్యూజు పీకి ముందు తన చొక్కా జేబులో వేసుకుంటున్నాడు. జేబు చిరిగింది.

పూలు సాయంత్రం తెచ్చాను. అమ్మ తిట్టలేదు. నాన్న కాళ్ళకు ఇప్పుడు నూనె అక్కర్లేదు.

సెప్టెంబర్ 26, శుక్రవారం, ఉదయం 7.10

బస్సు కోసం నిలబడ్డాను. నాన్న ఫోన్ చేశాడు. ఫ్యూజు పోయిందట. తీగ కట్టలేదట, మూడూ పీకి జేబులో వేసుకుని ఒడ్డు మీదికి వచ్చి నిలబడ్డాడట. ఎందుకు పోయిందో నువ్వొచ్చినంక సూద్దాం బిడ్డా అన్నాడు.

మోటారు చప్పుడు లేదు. ఆయన ఊపిరి కూడా వినిపిస్తోంది. చుట్టూ జనం ఉన్నారు. ఉంటే ఉన్నారు. ఐ లవ్ యూ నాన్నా అన్నాను, మామూలు గొంతుతో.

ఈసారి వినపడింది. బస్సు మిస్సయినవా బిడ్డా అన్నాడు.